పిలిచే మాట తెలిసిన జహంగీర్ భాయ్

జహంగీర్ భాయ్ ఇక లేరు. పోయిన వారం ఒక పొద్దున మేము జడ్చర్లలోని మా దుకాణం షట్టరు ఎత్తుతుండగా ఆటో మల్లేశు పరుగెత్తుకొచ్చి, "పద్మక్కా, జహంగీర్ సాబ్ పోయిండు! చాయ్ తాగుకుంట తాగుకుంటనే ఒరిగిండంట" అన్నాడు. నా భర్త యాదగిరి చేతిలోని రాగి తీగ చుట్ట కింద పడింది. నేను మాత్రం "ఛీ, అబద్ధం!" అని మల్లేశును కసిరాను. ముందురోజు సాయంత్రమే గదా ఆయన మా దుకాణంలో నిలబడి నాతో కొట్లాడి పోయింది! ఏళ్ల తరబడి చుట్టుపక్కల పల్లెలన్నింటినీ తట్టి లేపిన ఆ గంభీర కంఠం ఒక చాయ్ గ్లాసు పక్కన నిశ్శబ్దమైపోయిందంటే నమ్మడానికి నా మనసు ససేమిరా అన్నది.

వాళ్ల ఇంటికి వెళ్లేసరికి ఆయన భార్య హలీమా ఆపా నా రెండు చేతులూ పట్టుకున్నది. ఏడుస్తూనే ఒక్క సంగతి అడిగింది. "పద్మమ్మా, ఆయన ఎప్పుడూ గదే అనేటోడు. 'బతికినన్ని దినాలు ఊర్లోళ్లను పిలిచిన. నా మట్టికి ఒక్కసారి నాకోసం రావాలె' అని. అసర్ నమాజు కాంగనే మట్టి. ఊర్లకు కబురు పోవాలె. ఎట్లనన్న జెయ్యి." అసర్ అంటే సాయంత్రపు నమాజు, అది కాగానే ఖననం. సరే ఆపా అన్నాను. ఆ క్షణం నుంచి నాకు వేరే ధ్యాస లేదు. పల్లెలు రావాలి, అంతే.

వర్తక సంఘం పెద్దలు మంచి మనసుతోనే ముందుకొచ్చారు. మూడు ఆటోలకు మైకులు కట్టించి మూడు దారుల్లో ప్రకటన పంపారు. "సుప్రసిద్ధ ప్రచార నిపుణులు జనాబ్ షేక్ జహంగీర్ సాహెబ్ గారు దివంగతులైనారని తెలియజేయుటకు మిక్కిలి చింతించుచున్నాము." అక్షరమక్షరానికీ మర్యాద ఉన్నది, కాదనను. ఆటోలు తిరిగొచ్చాయి. మధ్యాహ్నం నమాజు కూడా అయిపోయింది. పల్లెల నుంచి ఒక్క మనిషి రాలేదు.

సంఘంలో ఒకాయన పెదవి విరిచాడు. "మైకు పట్టుకొని ఒర్రుకుంట తిరిగేటోడు. గంత దూరంకెంచి ఎవలొస్తరమ్మా?" ఆ మాటతో నాకు నషాళానికి అంటింది. ఈ వ్యాసం రాయడానికి శోకం ఎంత కారణమో, ఆ మాట మీది కోపమూ అంతే కారణం. ఒర్రేటోడా? ఊరికే అరిచేవాడా? జహంగీర్ భాయ్ చేసిన పని ఏమిటో ఈ పట్నం తెలుసుకోవాలి. పల్లెలు ఎందుకు కదలలేదో కూడా అది తెలిస్తేనే అర్థమవుతుంది.

ఎనభైల నడుమ, మేము కొత్తగా మోటర్ వైండింగ్ దుకాణం పెట్టుకున్న రోజులు. మా వైపు వ్యవసాయమంతా బోర్ల మీదనే. కరెంటు సరిగా రాక, వచ్చినా బలం లేక, మోటర్లు కాలిపోతుండేవి. కాలిన తీగ తీసేసి కొత్త రాగి తీగ చుట్టడం యాదగిరి పని. చేతిలో పనితనం ఉన్నది, గిరాకీ లేదు. బి.ఏ. చదివిన నేను "విద్యుత్ మోటారు మరమ్మతు కేంద్రం" అని అందంగా బోర్డు రాయించి, దాని కింద కూర్చొని ఈగలు తోలుతున్నాను. అప్పుడు వచ్చాడాయన. తెల్లటి లాల్చీ, మెడలో ఎర్ర రుమాలు, చెవిలో సగం కాల్చిన బీడీ.

"ఎవలు పెట్టిండ్రు గీ పేరు?"

"నేనే" అన్నాను, కొంచెం గర్వంగానే.

"మంచిగున్నది. కని చెల్లె, పొలం ఎండుతుంటే కాలిన మోటర్ బండ్లేసుకొని ఉర్కొచ్చెటోడు 'మరమ్మతు కేంద్రం యాడుంది' అని అడుగుతడా?"

"అడగడు. కని బ్యాంకోళ్లు లోన్ ఇయ్యాలంటే గీ బోర్డే చదువుతరు భాయ్."

ఆయన ఫక్కున నవ్వాడు. "బరాబర్! బోర్డు బ్యాంకోనికి, మాట గిరాకీకి. రెండూ ఉండనీ." మా కొట్లాటల స్నేహానికి అదే శ్రీకారం.

ఆయన షరతు విచిత్రమైనది. మైకు తనది, ఆటో కిరాయి తనది. ఎంత దూరం తిరిగినా, ఎంతమంది విన్నా మేము ఏమీ ఇవ్వనక్కరలేదు. ఆయన మాట విని మా గడప తొక్కిన మనిషికే లెక్క. వచ్చినవాడు ఆయన మాట విని వచ్చాడని తెలిసేదెట్లా? దానికి ఆయన పెట్టిన ఆచారం చాయ్. మైకులో చివర, "దుకాన్ల పోయి గీ మాట చెప్పుండ్రి, చాయ్ పోస్తరు" అనేవాడు. మాట చెప్పినవారికి నేను చాయ్ పోసేదాన్ని. సాయంత్రం ఖాళీ గ్లాసులు చూసి ఆయన తన కూలి తీసుకునేవాడు. "ఇని రానోని పైసలు నాకు హరామ్" అనేవాడు.

ఇక ఆ మాట పుట్టించడానికి ఆయన చేసిన తపస్సు! తపస్సు అనే అంటాను, నవ్వేవాళ్లు నవ్వనీ. బాదేపల్లి మార్కెట్‌లో పల్లికాయ బస్తాల మీద కూర్చునేవాడు. బస్టాండులో మిడ్జిల్ బస్సు కోసం నిలబడ్డవాళ్ల నడుమ తిరిగేవాడు. నోరు తెరిచేవాడు కాదు, చెవులే పని చేసేవి. నష్టం వచ్చినప్పుడు మనిషి ఏమంటాడు, అవసరం పడినప్పుడు పక్కవాణ్ణి ఏమని అడుగుతాడు, అదే ఆయనకు కావాలి. "కొనేటోని నోట్ల మాట దొర్కాలె చెల్లె. అమ్మేటోని నోట్ల మాట దుకాన్లనే పడి ఉంటది" అనేవాడు. ఈ సూత్రం ఏ శాస్త్రగ్రంథంలో ఉన్నదో నాకు తెలియదు. ఉంటే మాత్రం ఆయన చదివి చెప్పింది కాదు.

మొదటిసారి మాత్రం బొక్కబోర్లా పడ్డాడు. అది కరువు ఎండాకాలం. "నీళ్లు గావాల్నా? జడ్చర్లకు రాండ్రి" అని ఊరూరా చాటి వచ్చాడు. మోటరు బాగైతే నీళ్లే గదా అని ఆయన తర్కం. తెల్లారేసరికి మా దుకాణం ముందు బిందెలే బిందెలు! ట్యాంకరు ఎక్కడని ఆడవాళ్లు యాదగిరి మీద పడ్డారు. "నీళ్లు అని చెప్తే చాయ్ పోస్తమన్నరు, పొయ్యి" అని ఒక అవ్వ స్టూలు మీద కూర్చున్నది, లేవదు! యాదగిరి కోపానికి హద్దు లేదు. జహంగీర్ భాయ్ మాత్రం పడీపడీ నవ్వి, "తప్పు మాట నాది, చాయ్ ఖర్చు నాది" అని అందరికీ తానే చాయ్ తెప్పించాడు. కిరాయి నీళ్ల ట్యాంకరును కూడా పిలిపించి ఆ బిందెలు నింపించాకనే ఇంటికి పోయాడు. ఆ రోజు ఆయన అన్నది నాకు ఇప్పటికీ కంఠస్థం: "పెద్ద మాట గుంపును తెస్తది చెల్లె, గిరాకీని తేదు."

అప్పటి నుంచి ఆయన ప్రతి ప్రకటనకూ రెండు మాటలు పెట్టేవాడు. ఒకటి పిలిచే మాట, రెండోది ఆపే మాట. "మోటర్ కాలిందా? రాండ్రి" అనేది పిలిచేది. "కొత్త మోటర్లు లేవు, ట్యాంకరు లేదు, ఉత్తగ తిప్పలవడి రాకుండ్రి" అనేది ఆపేది. డబ్బుపెట్టి ప్రచారం చేసుకుంటూ రావద్దని చెప్పడమేమిటని పట్నమంతా వింతగా చూసింది. "ఉత్త చేతుల్తోని మర్లిపోయినోడు మల్లోసారి నా గొంతు ఇంటే తలుపేసుకుంటడు" అని ఆయన సమాధానం. ఎవరేమన్నా ఆ పద్ధతి విడువలేదు.

మా గిరాకీ పెరిగాక హైవే మీద పెద్ద దుకాణం వెలిసింది. దాని యజమాని జహంగీర్ భాయ్‌ను పిలిపించి, "మోటర్ కాలిందా" అన్న మాట తనకూ కావాలన్నాడు. కొత్త ఆంప్లిఫైయరు కొనిస్తానని ఆశ పెట్టాడు. భాయ్ పాత ఆంప్లిఫైయరు అప్పటికే మనిషికంటే ఎక్కువ దగ్గుతున్నది. అయినా, "ఒక దారిల ఒక మాట ఒక్క దుకానానికే సేటూ. ఇద్దరికమ్మితే వచ్చెటోడు ఏ దిక్కు పోవాలె?" అని మొహం మీదనే చెప్పాడు. ఊరికే లేచి రాలేదు. నీ దగ్గర మంచిగున్నదేదో చూపించమని ఆ దుకాణమంతా తిరిగి, కొత్త మోటర్ల కోసం వేరే మాట కట్టి ఇచ్చాడు. ఆ దుకాణమూ బతికింది, మేమూ బతికాము. ఆంప్లిఫైయరు మాత్రం దగ్గుతూనే ఉండిపోయింది.

ఒక దారిలో పనిచేసిన మాట ఇంకో దారిలో పనిచేయదని కూడా ఆయనే కనిపెట్టాడు. మిడ్జిల్ దారిలో "మోటర్ కాలిందా" అంటే జనం లేచి వస్తారు. బాలానగర్ వైపు "మోటర్ లేస్తలేదా" అనాలి. నవాబుపేట దారికి ఎంత వెతికినా మాట దొరకలేదు. ఆ పల్లెల రైతులు దుకాణానికి వచ్చినప్పుడు మోటరు తిరగకుండా ఉత్త చప్పుడు చేస్తున్నదని చెప్పడానికి "గుయ్యిమంటాంది" అనడం నేను విన్నాను. భాయ్‌కి చెప్పాను. ఆయన కళ్లు మెరిసినై. "క్యా బాత్ హై! మోటర్ గుయ్యిమంటాందా? గిది నీ మాట చెల్లె, నాది గాదు" అన్నాడు. ఆ దారిలో పాతికమంది వచ్చినా ఇద్దరు వచ్చినా, ఇది మా పద్మ మాట అని ఊరంతా చెప్పుకుంటూ తిరిగాడు. గురువు అంటే నాకు ఆయనే.

ఇవి మోటు మాటలనీ, మైకులో శుద్ధమైన భాష పలకాలనీ సుద్దులు చెప్పినవాళ్లు లేకపోలేదు. భాయ్ వాళ్లకు ఒకే సమాధానం ఇచ్చేవాడు. "నీ ఇంట్ల నిప్పంటుకుంటే ఏ భాషల మొత్తుకుంటవ్? గా భాషల్నే నేను పిలుస్త." నేను గ్రాంథికమూ చదువుకున్నాను, ఈ వ్యాసంలో సంస్కృత పదాలూ వాడుతున్నాను. వాటి గౌరవం వాటిదే. కానీ మా నేల మాటకు తల వంచుకోవలసిన అగత్యం ఏ కాలంలోనూ లేదని నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

ఇప్పుడు ఆ రోజు సంగతి. పల్లెలు ఎందుకు రాలేదో హలీమా ఆపా ఇంటి అరుగు మీద కూర్చున్నప్పుడు నాకు తట్టింది. జహంగీర్ భాయ్ తన పేరు ఏనాడూ మైకులో చెప్పుకోలేదు! షేక్ జహంగీర్ సాహెబ్ ఎవరో ఏ పల్లెకూ తెలియదు. ఎవరో పెద్దమనిషి పోయాడని విని, అయ్యో పాపం అనుకొని ఎవరి పనికి వాళ్లు పోయారు. పల్లెలకు ఆయన గుర్తు ఆయన పిలిచే మాటే, దాన్నే మనం మరిచిపోయాము. నేను దిగ్గున లేచి, ఆటోలు మళ్లీ తీయమన్నాను. "ఒక్కపారి తిరిగినయి గదమ్మా" అని సంఘం ఆయన అడ్డుపడ్డాడు. "తిరిగినయి, పిలువలేదు" అని ఒక ఆటో మైకును ఆయన చేతిలో నుంచి గుంజుకున్నాను.

మిడ్జిల్ దారికి యాదగిరి పోయాడు. బాలానగర్ దారికి మల్లేశు. నవాబుపేట దారికి నేనే కూర్చున్నాను. మైకు పట్టుకోవడం నా జన్మలో అదే మొదలు. మొదటి ఊరు వచ్చింది. కళ్లు మూసుకొని అన్నాను: "'మోటర్ గుయ్యిమంటాందా' అని మీ ఊర్లె అడిగేటాయన ఇయ్యాల పొద్దుగాల పోయిండు. అసర్ నమాజుకు జడ్చర్లల మట్టి. ఇన్నేండ్లు మీ కోసం పిలిచిండు. ఇయ్యాల ఆయన కోసం రాండ్రి." కల్లంలో పని చేస్తున్న ఒక మనిషి చేట కింద పడేశాడు. "అయ్యో, మన మోటర్ సాబా!" అన్నాడు. ఆ వెనక నేను ఇంకో ఊరికి పోతుంటే సైకిళ్లు పట్నం దిక్కు బయలుదేరడం నా కళ్లారా చూశాను.

అసర్ వేళకు ఖబరస్తాన్ బయట రోడ్డు నిండిపోయింది. ట్రాక్టర్ల మీద వచ్చారు, బస్సుల మీద వచ్చారు, బురద కాళ్లతో పొలం నుంచి అట్లనే వచ్చారు. రుమాలు తలకు చుట్టుకొని హిందువులు కూడా జనాజాకు భుజం పట్టారు. సంఘం ఆయన నా పక్కకు వచ్చి, "గీళ్లంత ఎవలమ్మా?" అని మెల్లగా అడిగాడు. "ఒర్రేటోని గిరాకీ" అన్నాను. ఆయన తల దించుకొని జనంలోకి నడిచి, తానూ భుజం ఇచ్చాడు. హలీమా ఆపా ఖబరస్తాన్ దారిలోనే ఉన్న తమ ఇంటి కిటికీలో నుంచి ఆ జనాన్ని చూస్తూ కొంగు నోట్లో కుక్కుకున్నది.

జహంగీర్ భాయ్, మైకులు చాలా వస్తాయి. నీకంటే పెద్ద గొంతులూ వస్తాయి. మనిషి నోట్లోని మాటను వినే నీ చెవి మాత్రం మళ్లీ రాదు. నీలాగా ఇంకొకరు వస్తారని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను, కొట్లాడతాను. నీ పాదాలకు నా ప్రణామం, నిన్ను చిన్నచూపు చూసినవాళ్లకు ఈ వ్యాసం.

మట్టి అయ్యాక దుకాణానికి వచ్చి షట్టరు సగం ఎత్తి లోపల కూలబడ్డాను. గడప ముందు ఎవరో ఆగిన అలికిడైంది. నవాబుపేట దారి ముసలి రైతు. బండి లేదు, మోటరు లేదు, ఉత్త చేతులు. చేతులకు ఖబరస్తాన్ మట్టి ఇంకా తడిగా అంటుకొని ఉన్నది. ఏం కావాలన్నట్టు చూశాను. ఆయన అన్నాడు.

"మోటర్ గుయ్యిమంటాంది బిడ్డా."

నేను లేచి పొయ్యి వెలిగించి చాయ్ పెట్టాను.