తెలుగు రాదని చెప్పిన రోజు

ఆ రోజుల్లో నాకేమేం రావో అడిగితే గుక్క తిప్పుకోకుండా చెప్పేదాన్ని. ఏం వచ్చో అడిగితే మాత్రం నేల చూపులు చూసేదాన్ని. అరవదేశంలోని గుడియాత్తంలో మాది లుంగీలు నేసే ఇల్లు. మగ్గం పక్కన కూర్చుని కండెలు చుట్టడం నా పని. చుడుతూ చుడుతూ నేనెక్కడికో వెళ్లిపోయేదాన్ని, నూలు మాత్రం చిక్కుపడి అక్కడే ఉండేది. మా నాయన నన్ను ‘మోడమ్మ’ అనేవాడు (మోడమంటే మా వైపు మబ్బు). “మోడమ్మా, యాడుండావే? దిగిరా!” అని మగ్గం గుంతలోంచి కేకేస్తే ఉలిక్కిపడి దిగివచ్చేదాన్ని.

ఇంట్లో మేం మాట్లాడేది తెలుగే. కానీ దాన్ని తెలుగు అనడానికి నాకు ధైర్యం చాలేది కాదు. బడిలో చదివింది అరవం, తెలుగులో ఒక్క అక్షరం తెలియదు. పైగా చిత్తూరు నుంచి పెళ్లిళ్లకు వచ్చే అత్త, నేను నోరు విప్పగానే “ఇది తెలుగా, అరవమా?” అని పడీపడీ నవ్వేది. టీవీలో వార్తలు చదివే అమ్మాయిది తెలుగు, మాది ఏదో ఇంట్లో తిరిగే మాట అని నాకు నేనే తీర్మానించుకున్నాను.

డిగ్రీ అయిన ఏడాది వేలూరులో ఒక ఆసుపత్రిలో కౌంటర్ ఉద్యోగం ఉందని తెలిసింది. నాయనకు చూపు మందగిస్తోంది, మగ్గం మీద ఇక ఎన్నాళ్లో కూర్చోలేడు. అందుకని ఆ ఉద్యోగం నాకు రావాలి, రాక తప్పదు. బస్సు లత్తేరి దాటేసరికే నేను ఉద్యోగంలో చేరిపోయాను. కాట్పాడిలో ప్రమోషన్ వచ్చింది. వేలూరులో దిగేటప్పటికి ఇక రిటైరవడమొక్కటే మిగిలింది. తీరా లోపలికి వెళితే, అక్కడి పెద్ద మేడమ్ (అరవావిడ) అన్నీ అడిగి చివర్లో, “ఆంధ్రా నుంచి పేషెంట్లు చాలామంది వస్తారు. తెలుగు తెలుసా?” అంది. “తెలియదు మేడమ్” అన్నాను, ఎంతో వినయంగా. “అయ్యో, మాకు కావలసిందే అది కదమ్మా!” అని ఆవిడ ఫైలు మూసేసింది.

ఏడుపు ఆపుకుంటూ వరండాలోకి వస్తే ఒక అవ్వ నా చెయ్యి పట్టుకుంది. “అమ్మా, రక్తం తీసే చోటు యాడుండాది? పొద్దుట్నుంచి తిరగతా ఉండాను. అడిగితే ఒకరికీ అర్థం కాలే.” నా బాధ మరిచిపోయాను. “భయపడొద్దు అవ్వా, నేను తోడొస్తా. ఏమన్నా తిన్యావా? తినకుండా రమ్మన్నారా?” అని అడుగుతూ, చీటీ చూసి (అది ఇంగ్లీషులో ఉంది, బతికిపోయాను) గది దాకా తీసుకెళ్లాను. వెనక్కి తిరిగితే మేడమ్.

“తెలుగు రాదన్నావు. మరి ఇదేమిటి?”

“ఇది తెలుగు కాదు మేడమ్, మా ఇంట్లో మాట.”

మేడమ్ నన్ను వదిలేసి, నేను మాట్లాడింది తెలుగేనా అని వచ్చీరాని తెలుగులో అవ్వనే అడిగింది. అవ్వ నన్ను ఎగాదిగా చూసి, “తెలుగు కాకపోతే నాకెట్ల తెలస్తాది తల్లీ? ఈ బిడ్డ మా ఊరి పిల్ల మాదిరే మాట్లాడతా ఉండాది” అంది. మేడమ్ నవ్వాపుకోలేక, సోమవారం వచ్చి చేరమంది.

ఇంటికెళ్లి చెబితే నాయన నమ్మలేదు. “మనం మాట్లాడేదానికా పనిచ్చినారు? నిజంగానా మే?” అని రెండుసార్లు అడిగాడు. నేత ఆపి మగ్గం గుంతలోంచి పైకొచ్చాడు. తర్వాత మెల్లగా, ఎవరైనా వింటారేమోనన్నట్టు, “అట్లయితే నాకూ తెలుగు వచ్చునే!” అన్నాడు.

ముప్పై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను, ఇదిగో ఇప్పుడు రాస్తున్నాను. నాయన లేడు. ఉన్నా చదవలేడు, చదివి వినిపించమనేవాడు. అరవై ఏళ్లు మాట్లాడిన భాష తనకు వచ్చునని ఆయనకు తెలిసింది ఆ సాయంత్రమే. దానికైనా నేను ఉద్యోగం తెచ్చుకున్నాను కదా అని నవ్వుకుంటాను, కళ్లు తుడుచుకుంటూనే.