కప్పు చూసే కాక

ఒక పాత డిస్కు ఇచ్చి రెండు కొత్తవి కొట్టేసిన మొనగాణ్ణి గోదావరిఖనిలో నేనొక్కణ్ణే. వేరే గ్రహం మీది గుహల వీడియో గేమ్ అది. మొదటి భాగం ఇచ్చేసి రెండోదీ మూడోదీ నా గేమ్ షాపుకు తెచ్చుకున్నాను. కిరాణా కొట్టులో పుట్టి పెరిగినవాణ్ణి మరి!

ఆ మొదటి భాగం కోసమే ఒక కాక రోజూ వచ్చేవాడు. బొగ్గుబాయిలో పైకప్పు పరీక్షించి మిగతావాళ్లను లోపలికి పంపే పని చేసి రిటైరయ్యాడు. ఆటలోనూ అంతే. అడుగు వేసే ముందు పైకి చూసేవాడు. పైనుంచి ఊదారంగు దుమ్ము రాలితే, కప్పు కూలబోతోందని ఆగేవాడు. వెనక జట్టంతా ఆయన కోసం ఆగేది. తెర మీది రెండు చందమామల వెలుగు ఆయన ముఖం మీద పడి, మనిషి ఎక్కడో దూరాన ఉన్నట్టుండేది.

"మూడోది చూడు కాకా, రాళ్లు నిజం రాళ్ల లెక్కనే ఉన్నయ్" అన్నాను.

ఆ ఆటలోకి దిగి చాలాసేపు పైకే చూశాడు. దుమ్ము రాలలేదు. జట్టు ఆయన్ను దాటి వెళ్లిపోయింది.

"రెండోది గూడ గిట్లనే ఉండె బిడ్డా. కప్పు కూలనే కూలదు. ఇగ నేనెందుకు? పాతది పెట్టు."

"అదిచ్చే ఇవి తెచ్చిన కాకా."

రిమోట్ మెల్లగా బల్ల మీద పెట్టాడు. గుమ్మంలో ఆగి నా షాపు కప్పు చూశాడు.

"మంచిగనే ఉన్నది. ఫికర్ చెయ్యకు."

మళ్లీ రాలేదు. దాచకుండా లెక్క చెప్తున్నాను: వచ్చినవి రెండు డిస్కులు. పోయినవి ఒక డిస్కు, ఒక కాక.