వసంతమ్మకు రాని బటన్

బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డ నాటి నుంచి రాందాస్ ఇల్లిల్లూ తిరిగి టీవీలు బాగుచేస్తున్నాడు. పని దొరికిన రోజు ఉంటుంది, దొరకని రోజు ఉంటుంది. అయినా ఇంట్లో పొయ్యి ఆరలేదంటే భార్య వసంతమ్మ బీడీలు చుడుతుంది కనుక. ఈ మాట ఆ ఇంట్లో ఎవరూ పైకి అనరు.

వాళ్ల పాత టీవీకి వైరు పెట్టే చోటు ఒక్కటే పనిచేస్తుంది. డిష్ బాక్సు వైరు అందులో ఉండేది. కొడుకు శ్రావణ్ ఎవరో వాడి వదిలేసిన గేముల మిషన్ తెచ్చుకున్నాడు. కూతురు వినీత కానిస్టేబుల్ పరీక్ష పాఠాలకని నెట్ వచ్చే టీవీ స్టిక్ కొనుక్కుంది. వైరు మార్చాలంటే టీవీని గోడ నుంచి జరపాలి. ఆ తిప్పలకు ఓర్వక ఎక్కువగా డిష్షే నడిచేది. సాయంత్రం వసంతమ్మ సీరియల్‌కు ఎవరూ అడ్డం వచ్చేవారు కాదు.

ఒకనాడు రాందాస్ స్విచ్ బాక్సు తెచ్చి మూడు వైర్లూ దానికి, దాని వైరు టీవీకి పెట్టాడు.

"ఇగ టీవీ జరిపే లొల్లి లేదు. ఈ బటన్ శ్రావణ్‌ది, ఇది వినీతది. ఇది డిష్షు."

"డిష్షు ఎవరిది బాపూ?" అంది వినీత.

"నాది. వార్తలకు."

వసంతమ్మ ఒళ్లోని బీడీల చాట మీంచి తలెత్తలేదు. "మరి నా సీరియలో?"

"నువ్వెన్నడన్న టీవీ దిక్కు సూసినవానే?" రాందాస్ నవ్వాడు. "ఎప్పుడు సూడు, సాటలనే మొకం."

"కండ్లు ఆకుకు గావాలె. సెవులు ఖాళీగనే ఉన్నయి గద!"

"అమ్మకు రేడియో కొనియ్యి బాపూ," అన్నాడు శ్రావణ్.

బీడీలు చుట్టేవాళ్లు టీవీ చూడరు, వింటారు. తల తిప్పితే ఆకు చిరుగుతుంది, చిరిగిన బీడీని బీడీ కార్ఖానాలో పక్కకు పారేస్తారు. విన్న కథను వసంతమ్మ మర్నాడు పొద్దున బీడీలు అప్పజెప్పే వరుసలో చెప్పేది. టీవీ లేనివాళ్లు, ఉన్నా దాని ముందు కూర్చునే తీరిక లేనివాళ్లు చుట్టూ మూగేవారు. ఆమె నోరు తెరిస్తే నలుగురు ఆగి వినేది అక్కడొక్కచోటే.

ఆ సాయంత్రం సీరియల్‌లో కోడలు అత్తింటి మీద వేసిన కేసుకు తీర్పు. పాట మొదలవగానే వినీత బటన్ ఒత్తింది. రాజ్యాంగం పాఠం వచ్చింది.

"ఇయ్యాల ఒక్కనాడు, బిడ్డా..."

"పరీక్ష దగ్గరికొచ్చిందమ్మా. ఫెయిలైతే నేను గూడ చాట పట్టుకొని కూసోవాల్నా?"

వసంతమ్మ ఇంకో ఆకు అందుకుంది. ఈ పిల్ల చాట పట్టకూడదనే కదా ఆమె వేళ్లు అరగదీసుకుంటోంది.

పొద్దున కార్ఖానా వరుసలో, పక్కవాడకట్టు హన్మవ్వ జరిగి చోటిచ్చింది. "ఏమాయెనే తీర్పు? రాత్రంత గదే మనసుల మెదిలింది."

ముందున్నవాళ్లు కూడా వెనక్కి తిరిగారు. వినలేదని చెప్పడానికి వసంతమ్మకు నోరు రాలేదు.

"ఓడిపోయిందక్కా," అంది.

ఎందుకు ఓడిందని ఒక్కరూ అడగలేదు.

"గట్లనే అయితది," అని హన్మవ్వ తన కట్టల గంప ముందుకు జరుపుకుంది.