రెండో కణం పలకలేదు

అందరూ ఆమెను సీసాలక్క అనేవారు. ఆ పరిశోధనశాలలో సీసాలు కడిగే పనికి చేరి ఇరవై రెండేళ్లయింది. చదివింది ఎనిమిదో తరగతి. కానీ బుర్రలో ప్రశ్న పుట్టిందంటే ఊరుకునే మనిషి కాదు. ప్రొఫెసరు వెంటపడి మరీ అడిగి తెలుసుకునేది.

అక్కడ ఎలుక మెదడులోంచి కోసిన పల్చటి పొరను ఉప్పునీటి ద్రావణంలో బతికించి, పక్కపక్కనున్న రెండు నరాల కణాల మాటలు తీగల ద్వారా స్పీకర్లలో వినేవారు. మొదటి కణం ఎడమ స్పీకరులో ‘టప్’మనేది. రెప్పపాటులో రెండోది కుడి స్పీకరులో బదులు పలికేది. గచ్చు తుడుస్తున్నా అక్క చెవి అటే ఉండేది.

ఆ వారం రెండో కణం నోరు విప్పలేదు. కొత్తగా చేరిన పరిశోధకురాలు తీగలు మార్చింది, స్పీకరు మార్చింది. నాలుగో రోజు మధ్యాహ్నం తల పట్టుకుని కూర్చుంది.

“మొదటిది బాగానే మోగుతోంది కదమ్మాయ్,” అంది అక్క. “ఉప్పునీళ్లు ఎవరు కలిపారు?”

“నేనే అక్కా.”

“కాల్షియం ఎప్పుడు వేశావ్?”

“అన్నిటితోపాటే. కాస్త తెల్లగా విరిగినట్టయింది. వడగడితే అద్దంలా తేరుకుంది.”

అక్క నుదురు కొట్టుకుంది. “ఆ తెల్లటిదాంట్లోనే ఉంది కాల్షియం, తల్లీ! వడగట్టి పారబోశావు. కబురు కరెంటులా మొదటి కణం చివరిదాకా వస్తుంది. ఆ తర్వాత సన్నటి సందు. అది దాటాలంటే కణం రసాయనం చుక్కలు వదలాలి. కాల్షియం లోపలికెళ్తేనే అవి బయటికొస్తాయి. ముందు నీళ్లకి గ్యాసు బుడగలు బాగా పట్టించి, కాల్షియాన్ని ఆఖర్న వెయ్యాలి. లేకపోతే ఇలాగే విరుగుతుంది.”

ఇద్దరూ కలిసి మళ్లీ కలిపారు. అరగంటకల్లా ఎడమన టప్, వెంటనే కుడిన టప్. ఆ పిల్ల తడి చేతులతోనే అక్కను వాటేసుకుంది.

సంగతి విన్న ప్రొఫెసరు చాలాసేపు నవ్వాడు. “ఇన్నేళ్లూ నా పాఠం సరిగ్గా విన్నది మీరొక్కరేనేమో. వచ్చే ఏడాది కొత్తవాళ్లకి మొదటి క్లాసు మీదే.”

“నా మొహం! నేను పాఠం చెప్పడమేంటండీ?” అంటూ బకెట్టు పట్టుకుని వెళ్లిపోయిందే గానీ, మరుసటి ఏడాది ఆ క్లాసు రోజున నిద్రలేచిన దగ్గర్నుంచీ చెప్పాల్సిన మాటలు కూడబలుక్కుంటూనే ఉంది. గదిలో తొమ్మిదిమంది డిగ్రీలవాళ్లు పెన్నులు తీసి సిద్ధంగా కూర్చున్నారు. అక్క గొంతు సవరించుకుంది.

“ముందు పెన్నులు పక్కన పెట్టి, చేతులు కడుక్కు రండి.”