పిలిచినంక పెట్టాలె

రేడియోల గొర్లకాపరి వచ్చిండంటే మా ఊరోళ్లు ముందుగాల నవ్వి, ఎన్క మా ఇంటిదిక్కు చూసెటోళ్లు. మాది పానగల్లుకు నడిచిపోయేంత దూరంల ఊరు. పంచాయితి ఆఫీసు ముందల గుంజకు రేడియో మైకు కట్టిండ్రు. పొద్దుమీకేటాళ్లకు పల్లెటూర్ల కార్యక్రమం వచ్చేది. మేము గొర్లు కాసుకునేటోళ్లం కాబట్టి, ఆ నాటకాలల్ల వచ్చే గొర్లాయన మా ఇంటి మనిషని ఊరికి ఒక నమ్మకం.

అబద్ధమెందుకు, నాకు రేడియో అంటే పానం. పాట వస్తే నోట్ల ముద్ద మింగుడు మర్సిపోయెటిదాన్ని. నా పంచాయితంత ఆ నాటకాలతోనే. కరణం పుస్తకంల భాష మాట్లాడుతడు, పంతులు పుస్తకంల భాష మాట్లాడుతడు, ఆఖరికి దొంగ గూడ పట్నం దొంగైతే పుస్తకంల భాషే. గొర్లోడు, జీతగాడు, మగ్గం నేసెటోని పెండ్లాం నోరు తెరిస్తేనే మా మాట. అదన్న సక్కగ పలికి సచ్చిండ్రా? అది ఏ ఊరి మాటో ఆళ్లకే తెల్వాలె. మా మాట వినవడ్డదంటే ఇగ నవ్వాల్సిన జాగా వచ్చిందని అందరికి ఎరికే.

బడిల నన్ను ‘రేడియో గొల్లాయన బిడ్డ’ అనెటోళ్లు. ఒకసారి ఒకదాని జడ పట్టుకొని గుంజిన గూడ. ఆమె ఇప్పటికీ నా దోస్తే, జడ సంగతి మాత్రం మర్సిపోలే.

ఎండలు ముదురుతున్న దినాలల్ల పట్నంనుంచి ఒక జీపు వచ్చింది. తెల్లంగి ఆయన దిగిండు, ఆయనెంట టేపు మిషిను దిగింది. గొర్ల పెంపకం మీద కార్యక్రమం చేస్తున్నరట, బాగ తెలిసిన మనిషి కావాల్నట. ఊరంత ఒక్క నోటితోని మా నాయిన ఇల్లు చూపెట్టింది. నేను ఉరికిపోయి నాయినకు అడ్డం నిలవడ్డ.

“నాయినా, నువ్వు మాట్లాడకు. నవ్వుతరు” అన్న.

“నవ్వనియ్యి బిడ్డా. ఎరికున్నది అడిగితే చెప్పకుండ ఎట్లుంట?” అన్నడు.

కొట్టం నీడల కూసోని గంటసేపు చెప్పిండు. నేను నోరు తెరిచి విన్న, ఎందుకంటే ఇంట్ల ఆయన అంత మాట్లాడంగ నేనెన్నడు చూడలే. తల్లి సచ్చిన పిల్లను ఇంకో గొర్రె దగ్గరికి రానియ్యదు, ఆ గొర్రె పాలే పిండి పిల్ల ఒంటికి రాస్తే వాసన చూసి తనదే అనుకుంటదని చెప్పిండు. గాలికుంటు రోగమొచ్చిన గొర్రెను మందల నుంచి ఎప్పుడు ఎడంజెయ్యాలెనో, గిట్టలు ఎట్ల కడగాలెనో చెప్పిండు. మందల ఏ పిల్ల ఏ తల్లిదో మొఖం చూసి చెప్పుతుంటే పట్నపాయన గూడ రాసుకునుడు మర్సి చూసుకుంట కూసున్నడు. మా నాయినకు సంతకం రాదు. అయినా గా పొద్దు ఆయన నాకు మా పంతులు కంటె పెద్దగ కనపడ్డడు.

ఆఖరికి పట్నపాయన, “ఒక్కసారి మందను పిలిచి వినిపించు పెద్దాయనా” అన్నడు.

నాయిన లేచి ఇంట్లకు పోయి, గొంగడి కొసల తుమ్మకాయలు పోసుకొని వచ్చిండు. గొర్లు తుమ్మకాయలంటే పడి సస్తయి. అప్పుడు, “ఓ... ట్రుర్ర్ర్... దా దా దా!” అని గొంతెత్తిండు. దొడ్లున్న గొర్లన్ని ఉరికొచ్చినయి. అన్నిటికి కాయలు పోసినంక పట్నపాయన ఇంకోసారి పిలువమన్నడు. మొదటిది టేపుల సక్కగ ఎక్కలేదట.

“కాయలైపోయినయి. తెచ్చినంక పిలుస్త” అన్నడు నాయిన.

“కాయలెందుకు? ఉత్తగ పిలువు.”

“ఉత్తగ పిలువద్దు సారూ. పిలిచినంక పెట్టాలె. ఒక్కసారి మోసం చేస్తిమంటే మల్ల మన గొంతును నమ్మయి.”

చెర్వుకట్టకు పోయి, తుమ్మకాయలు దులుపుకొచ్చి, అప్పుడు పిలిచిండు. జీపు అందాక ఆగింది.

పదిహేను దినాలకు కార్యక్రమం వచ్చింది. నాయిన ఉతికిన ధోతి కట్టి, రుమాలు సుట్టి, ఎన్నడు లేంది పంచాయితి ముందల మొదటి వర్సల కూసున్నడు. మా అవ్వ, “నా కొడుకు రేడియోల మాట్లాడుతడు” అని వాడంత చాటి వచ్చి పక్కకు కూసున్నది.

మైకుల ముందుగాల ఒక పెద్ద ఆఫీసరు మాట్లాడిండు. పాలు పిండి రాసుడు, గిట్టలు కడుగుడు, ఒక్క ముక్క ఇడువకుండ నాయిన చెప్పిందంత ఆయన నోట్ల వినవడ్డది, పుస్తకంల భాషల. ఎనుకనే ఎవడో నటుడు గొర్లాయన లెక్క వచ్చి, “నాకేమెరుక దొరా, నాకూ నా గొర్రెకూ ఏం ఫరక్ లేదు” అని ఇకిలించిండు. పంచాయితి ముందల నవ్వు గుప్పుమన్నది. అవ్వ నాయిన మొఖం చూసింది. తెలివి ఆఫీసరుకు ఇచ్చి, తెలివితక్కువతనం మా నాయినకు అంటగట్టిండ్రు! నాకు ఏడుపొచ్చింది, మైకును రాయితోని కొట్టబుద్ధయింది.

అప్పుడే, “ఓ... ట్రుర్ర్ర్... దా దా దా!” అని వినవడ్డది. అదొక్కటి మా నాయిన గొంతే. దానికి నటుడు దొరకలేదేమో.

మా చిన్నాయిన మందను మేపుకొని ఊర్లకు తోలుకొస్తున్న యాళ్లది. గొర్లు ఆగినయి, చెవులు నిక్కినయి, ఒక్క ఉరుకు ఉరికినయి. ఆయన కేకలేసినా ఆగలే. జనాన్ని తోసుకుంట వచ్చి మైకు గుంజ సుట్టు మూగి, తలలెత్తి అరిచినయి. కూసున్నోళ్లు గోడలెక్కిండ్రు. నవ్వు ఇంకింత పెరిగింది.

నాయిన లేచిండు. రుమాలు ఇప్పి భుజాన ఏసుకొని తుమ్మచెట్ల దిక్కు నడిచిండు.

“నీకెందుకయ్యా, పిలిచింది రేడియో గదా!” అని సర్పంచి నవ్వుకుంట అరిచిండు.

“గొంతు నాది గదా” అన్నడు నాయిన, తిరగకుండనే.

ఒక్కొక్కలే నవ్వుడు ఆపిండ్రు. ఆయన రుమాలు నిండ కాయలు తెచ్చి, గుంజ కింద మోకాళ్లమీద కూసోని, ఒక్క పిల్లను గూడ ఇడువకుండ పెట్టిండు. మాట్లాడకు నాయినా అన్న నా నోటిని తిట్టుకుంట నేనూ పక్కకు కూసోని పెట్టిన. మైకు ఇంకేమేమో చెప్తనే ఉండె.

తెల్లారి బడిల ఎనుకనుంచి, “ఓ రేడియో గొల్లాయన బిడ్డా!” అని ఎవరో పిలిచిండ్రు.

తిరిగి చూసి, “ఆఁ, నేనే. చెప్పు” అన్న.