రొట్టె కాలని పొయ్యి

మొన్న ఆదివారం కిష్టారెడ్డిపేటలో మా మనవరాలి ఫ్లాట్‌కు వెళితే, అది ల్యాప్‌టాప్‌లో ఒక పెద్ద వృత్తం గీసి చూపించింది. ఆఫీసులో ఏదో కొత్త సరుకు ప్రచారం దానికి అప్పగించారట. "తాతయ్యా, కథలో హీరో మన సరుకు కాదు, కొనే మనిషి. ఆమె ఇల్లు విడిచి బయల్దేరుతుంది. గడప దగ్గర ఎవరో అడ్డుపడతారు. దారిలో ఒకరు సాయం చేస్తారు. కష్టాలు దాటి ఏదో సంపాదించుకుని తిరిగొస్తుంది. ఆమె ఇప్పుడు ఎక్కడుందో తెలిస్తే ఏం మాట్లాడాలో మనకు తెలుస్తుంది" అంది. నేను తలూపాను. అదే అచ్చులో కథ పోసి కర్దనూర్‌లో పొయ్యిలు అమ్మించిన సంగతి దానికెప్పుడూ చెప్పలేదు.

ఎనభైల చివరి మాట. మా అక్క మొగుడు పటాన్‌చెరులో రేకుల షెడ్డు కిరాయికి తీసుకుని పొగ రాని పొయ్యిలు చేయించేవాడు. మట్టీ సిమెంటూ కలిపి కట్టిన పెట్టె, పైన గిన్నెలు కూర్చోవడానికి రెండు గుండ్రటి కంతలు, వెనక పొగగొట్టం. మా రెండు కుటుంబాలూ ఉద్యోగాల కోసం కోస్తా నుంచి వచ్చి స్థిరపడినవే. నేను ఫ్యాక్టరీలో షిఫ్టు దిగాక వేదికలెక్కి బాబాలనూ తాయెత్తులనూ చీల్చి చెండాడేవాణ్ని. గాల్లోంచి విభూతి తీస్తానన్నవాణ్ని "చొక్కా చేతులు మడిచి తియ్యి, చూద్దాం" అని నిలదీసిన గొంతు నాది. ఆ గొంతును ఊరికే పోనివ్వడం ఎందుకని బావ ప్రచారం నాకు అప్పగించాడు. మొదటిసారి కర్దనూర్‌లో ఆడవాళ్లను కూర్చోబెట్టి ఊపిరితిత్తులు, కట్టెల ఆదా, విజ్ఞానశాస్త్రం, ఏదీ వదలకుండా ఉపన్యసించాను. అంతా విని, ముందు కూర్చున్న ఒక పెద్దామె కొంగు దులుపుకుని లేచింది. "మస్తు చెప్పినవ్ సారూ. గంత గొప్పదైతే దానికో దండేసి మొక్కుకో. మాకెందుకు?" దండలకూ మొక్కులకూ బద్ధశత్రువైన నన్ను అంతకంటే గట్టిగా ఎవరూ కొట్టలేదు. అందరూ నవ్వుతూ లేచిపోయారు. మా బావ కూడా నవ్వాడు, దానికి ఇంకా మండింది.

ఫ్యాక్టరీల వైపు నుంచి వచ్చే ఘాటు వాసనలో సైకిలు తొక్కుతూ ఆలోచించాను. నేను పొయ్యిని నాయకుణ్ని చేశాను, వినేవాళ్లకు కథలో చోటే ఇవ్వలేదు. పురాణాలన్నీ ఒకే అచ్చులో పోసినవని సభల్లో వెక్కిరించినవాణ్ని కనుక ఆ అచ్చు నాకు కంఠతా వచ్చు. శత్రువు ఆయుధమే చేతపట్టాను. ఇంటింటికీ తిరిగి, ఈ కథలో బయల్దేరాల్సింది ఎవరు, వాళ్లను ఆపుతున్నది ఏమిటి అని ఆరా తీశాను. ఆ పెద్దామె కోడలు మెల్లగా చెప్పింది: "పొగకు కండ్లు మండుతయి సారూ. గని పొయ్యి మా అత్త పెట్టింది. దాన్ని ముడితె ఇంట్ల లొల్లే." ఇంకేం, నాయిక దొరికింది, అడ్డుపడేవాళ్లూ దొరికారు, దారి చూపే పెద్దమనిషిగా నేనున్నాను. పొగతో కళ్లు పోగొట్టుకోబోయిన ఒక కోడలు ధైర్యం చేసి పాత పొయ్యి పగలగొట్టి ఇల్లంతటినీ కాపాడిన కథ అల్లి, మళ్లీ వెళ్లి వాళ్ల వాకిట్లోనే అందరికీ చెప్పాను. ఈసారి ఎవరూ లేవలేదు. కథ అయ్యీ అవకముందే ఆ కోడలు ఇంట్లోకి వెళ్లి గడ్డపార తీసింది.

మట్టిపెళ్లలు వాకిట్లో పడుతుంటే అత్త గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "పలగ్గొడితె పలగ్గొట్టినవ్ గని, రేపు రొట్టె ఏడ కాలుస్తవే?" నేను నవ్వి, "చూశారా, కథలో అడ్డం నిలబడేవాళ్లు సరిగ్గా ఇలాగే అంటారు" అన్నాను. జనం గొల్లుమన్నారు. ఆ రోజు మా బండిలో పొయ్యి మిగల్లేదు.

కొన్ని వారాలకు పక్క వాడలో మరో సభ పెట్టాం. కోడలి చేత నాలుగు మాటలు చెప్పిద్దామని వాళ్లింటికి వెళ్లాను. ఆమె పక్కింట్లోంచి వస్తోంది, కొంగు కింద ఒక గంప. కాలిన జొన్నపిండి కమ్మటి వాసన. "వాళ్లింట్ల జెర పనుండె సారూ" అంది తల వంచుకుని. ఆమె లోపలికి పోయాక అత్త నాతో గొంతు తగ్గించి అంది: "దినాం గట్లనే, పక్కింట్ల కాల్చుకొస్తది. నీ పొయ్యి మీద రొట్టె నడుమ మాడుతది, అంచులు పచ్చిగుంటయి. నిప్పుల పక్కన నిలబెట్టి పొంగిద్దామంటె ముందట నిప్పులేవి? అందరి ముంగట పలగ్గొట్టింది గద, ఇప్పుడు కాదని ఎట్లంటది? నువ్వు ఎవల్తోని అనకు. నా కోడల్ని నవ్వుతరు."

సభలో కోడలు లేచి "మంచిగున్నది" అంది. కూర్చున్న ఆడవాళ్లంతా నా వైపు చూశారు. ఆమె పరువు కోసం ఊరుకున్నానని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. బయట బండి నిండా పొయ్యిలున్న మాట కూడా నాకు తెలుసు. ఊరూరా రుజువు అడిగిన మనిషిని, ఆ పొయ్యి మీద ఒక్క రొట్టె కాల్చి చూడమని బావను అడగలేదు. చివరికి అడిగితే ఆయన అమాయకంగా, "అందరూ వండుకునేది అన్నమే కదరా?" అన్నాడు. మా ఇళ్లలో రెండు పూటలా అన్నమే మరి. పాపం, ఆ తర్వాత పెనం పట్టేలా కంత వెడల్పు చేసి, ముందు నిప్పులు లాక్కునే చోటు పెట్టించాడు. కొత్తది నేనే తీసుకెళ్లాను. అప్పటికే అత్త పొగగొట్టం పక్కన మళ్లీ మట్టిపొయ్యి పెట్టి, దాని చుట్టూ ఎర్రమట్టితో అలుకుతోంది. కోడలు దాని ముందు కూర్చుని, పొగకు కళ్లు తుడుచుకుంటూ, పొంగే రొట్టె వైపే చూస్తోంది. నా వైపు చూడలేదు. అత్త మాత్రం మట్టిచేతులతోనే అడిగింది: "ఇప్పుడు చెప్పు సారూ, నీ కథల నేనెవల్ని?"

గ్యాసు బండలు వచ్చాయి, షెడ్డు మూతపడింది, బావ పోయాడు. ఆ ప్రశ్న మాత్రం అలాగే ఉంది. మొన్న మనవరాలి వృత్తంలో 'అడ్డుపడేవారు' అన్న చోట వేలు పెట్టి, "వీళ్లేం అడుగుతున్నారో ముందు విన్నావా?" అన్నాను. "అబ్బా తాతయ్యా, నువ్వు ప్రతిదానికీ అడ్డమే" అని అది నవ్వింది. నేనూ నవ్వాను. ఆ అత్తగారు నిలబడ్డ గుమ్మం దాకా నన్ను నడిపించుకు రావడానికి కాలానికి ఇన్నేళ్లు పట్టింది.