మేడమీది తీగ, అత్తగారి దుప్పటి

ఆవిడ వీధి వీధంతటికీ టైలరమ్మ. ముందుగదిలో ఒకవైపు కుట్టుమిషను, సగం కుట్టిన స్కూలు యూనిఫారాలు. ఇంకోవైపు కిటికీ పక్క బల్లమీద విప్పేసిన పాత రేడియోలు, వైరు ముక్కలు.

ఈ రేడియో పిచ్చి అంటించింది ఓడల్లో వైర్‌లెస్ ఆపరేటరుగా పనిచేసి రిటైరైన ఒక ముసలాయన. ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి వచ్చి, మిషను చప్పుడు వింటూ, "నీ మిషను ఏదో కబురు చెప్పబోయి తడబడుతోందమ్మా" అని నవ్వాడు. అదేమిటో చెప్పేదాకా టైలరమ్మ ఆయన్ని కదలనివ్వలేదు. చుక్కలూ గీతలతో మాట్లాడే మోర్సు కోడ్ ఆయన దగ్గరే నేర్చుకుని, పరీక్ష రాసి, రేడియోలో కబుర్లంపే లైసెన్సు తెచ్చుకుంది.

సెట్టు తనే తయారుచేసుకుంది. మిషనుకుండే దారం చుట్టే చక్రానికి గొట్టం బిగించి రాగితీగ చుట్టింది. అన్నిటినీ ఒక బిస్కెట్ డబ్బాలో అమర్చి, కబుర్లు గాల్లోకి పంపే ఏరియల్ తీగని మేడమీద కట్టింది. బస్సు డ్రైవరైన భర్త డ్యూటీ దిగి వచ్చి, డబ్బా మూత తీసి చూసి, "ఇందులో బిస్కెట్లేవీ?" అని మాత్రం అడిగాడు.

అత్తగారికే ఇదంతా గిట్టలేదు. "పొద్దస్తమానం ఆ టిక్కుటిక్కులేంటే? బల్లి కూడా మధ్యమధ్యలో ఆగుతుంది!"

"ఎవరైనా పలుకుతారేమోనని పిలుస్తున్నా అత్తయ్యా."

"పక్కింటావిడ గొంతు చించుకుని పిలిస్తే నువ్వు పలకవు. నీకెవరు పలుకుతారు?"

ఆవిడ నోటి చలవో ఏమో, వారాలు గడిచినా ఎవరూ పలకలేదు. టైలరమ్మ చుట్టిన తీగ విప్పి మళ్లీ చుట్టింది, అతుకులన్నీ మళ్లీ వేసింది. ఒక్కోసారి ఏడుపొచ్చేది. అయినా మర్నాడు మళ్లీ కూర్చునేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం హెడ్‌ఫోనులో గరగరల మధ్య నుంచి సన్నగా కూత వినిపించింది. ఎవరో తన పిలుపునే తిరిగి పలుకుతున్నారు! వెంటనే జవాబు కొట్టింది. అవతలావిడ ఎక్కడో దీవిలో బడిపంతులమ్మట. అక్కడ వాన... అన్నంతలో కూత కాస్తా మాయమైంది.

టైలరమ్మ పరుగున మేడెక్కి చూస్తే ఏముంది? ఏరియల్ తీగమీద అత్తగారు నీళ్లోడుతున్న దుప్పటి ఆరేస్తోంది. తీగ సాగి వెళ్లి ఇనప రెయిలింగుకి ఆనుకుంది.

"అత్తయ్యా! ఎవరో పలికారు! దుప్పటి తీసేయండి!"

కోడలి ముఖం చూసి అత్తగారు గబుక్కున దుప్పటి లాగేసింది. సాగిన తీగ మాత్రం పైకి లేవలేదు. "నువ్వు పో కిందకి! నేను చూసుకుంటా" అంటూ బూజుకర్ర అందుకుని, దాంతో తీగని పైకెత్తి పట్టుకుంది.

కూత మళ్లీ వచ్చింది. "ఏ ఏరియల్ వాడుతున్నారు?" అని అడిగింది పంతులమ్మ.

"ఒక తీగ, మా అత్తగారు" అని కొట్టింది టైలరమ్మ. అవతల నుంచి నవ్వుకి గుర్తుగా కొట్టే రెండక్షరాలు వచ్చాయి.

పైనుంచి కేక వినబడింది. "ఏమంటోందే?"

"అక్కడ వానట అత్తయ్యా!"

"మరి బట్టలు లోపలేసుకుందో లేదో అడుగు!"

అడిగింది. వేసుకుందట.

ఆ సాయంత్రం అత్తగారు బల్ల దగ్గరికి కుర్చీ లాక్కుని, "ఏదీ, ఆ వాన అన్నది ఎలా కొడతారో చూపించు" అంది. తర్వాత గరిటెతో, చెంచాతో, చేతికేది దొరికితే దాంతో సాధన మొదలుపెట్టింది. భోజనానికి పిలవాలన్నా పళ్లెంమీద కొట్టడమే. ఇంగ్లిషు అక్షరాలు కూడబలుక్కుంటూ చదివి, పరీక్షకి వెళ్లింది. హాల్లో అందరికంటే పెద్దది తనే. మొదటిసారి తప్పింది. "ప్రశ్నలు అడ్డదిడ్డంగా ఇచ్చారు" అని రెండ్రోజులు అలిగి, మళ్లీ రాసి గట్టెక్కింది.

ఆ తర్వాత టైలరమ్మకి సెట్టు చిక్కితే ఒట్టు. పంతులమ్మతో అత్తగారి కబుర్లు తెగేవి కావు. చేసేదిలేక కోడలు ఇంకో డబ్బా వెతుక్కుని రెండో సెట్టుకి తీగ చుట్టడం మొదలెట్టింది. ఆదివారాలు వంట డ్రైవరుగారి పాలపడింది. కూరలో ఉప్పు ఎక్కువైనా తక్కువైనా ఆ ఇంట్లో ఎవరూ నోరెత్తలేదు.